పంటిదూడ

యోవ్న ఎల్లె గుడారంలో కూర్చున్నప్పటి నుంచీ పసిపిల్ల కాళ్ళ వైపే చూస్తున్నాడు.

"ఎంత ముద్దొస్తున్నాయో ఈ వేళ్ళు! బొటనవేలు అచ్చం మా నాన్నదే" అన్నాడు.

"మొహం కూడా చూడొచ్చు మామయ్యా. మొహానికేం రోగం రాలేదు" అంది ఎల్లె, పొయ్యి మీద కాఫీ కెటిల్ సర్దుతూ.

"చూస్తాలే. తొందరేముంది?"

తొందర ఎందుకు లేదో ఆ కొండవాలులో గుడారాలు వేసుకున్న అందరికీ తెలుసు. పసిబిడ్డకు తొలి పన్ను మొలిచిందని ఎవరు ముందు చూస్తే వాళ్ళు ఆ బిడ్డకు తమ మందలోంచి ఒక రెయిన్‌డీర్ దూడను ఇచ్చుకోవాలి. ఆడదూడే ఇవ్వాలి, అదీ ఆ ఏడు పుట్టిందే. కన్నవాళ్ళ చూపు లెక్కలోకి రాదు. ఇచ్చిన దూడ చెవికి బిడ్డ పేరున ఉన్న గుర్తు కోస్తారు. పంటిదూడ పిల్లల్ని పెట్టి, వాటి పిల్లలు పిల్లల్ని పెట్టి, బిడ్డ పెరిగేసరికి అదే ఒక మంద అవుతుందని నమ్మకం. మామూలు ఏడాదిలో అయితే ఆరోనెల వచ్చిన బిడ్డ నోట్లోకి తొంగిచూడటానికి జనం పోటీ పడతారు, ఇచ్చినవాడి పేరు నలుగురూ చెప్పుకుంటారు కాబట్టి. ఇది మామూలు ఏడాది కాదు. జనవరిలో మంచు మీద వాన కురిసి, ఆ వాన గడ్డకట్టి, నేల మీది తెల్లనాచుకు అద్దం బిగించినట్టయింది. మేత గిట్టల కింద కనపడుతూనే ఉంది, మూతికి మాత్రం అందలేదు. మందల్లో ఎన్నో పోయాయి. బతికిన తల్లుల్లో కూడా చాలావాటికి కడుపు నిలవలేదు. అందుకని ఈ వేసవిలో ఎవరూ ఏ పిల్ల నోట్లోకీ చూడటం లేదు.

యోవ్నకు అసలే ఎంగిలి చేత్తో కాకిని తోలడని పేరు. అతని మందలో ఎన్ని తలలున్నాయో అడగడం అక్కడ మర్యాద కాదు కనుక మనమూ అడగం. దూడల సంగతి వేరు. వాటిని దాచడం ఎవరి తరమూ కాదు, తల్లుల వెంట గెంతుతూ అందరి కళ్ళా పడతాయి. ఈ ఏడు అతనివి నాలుగు దూడలు. మూడు మగవి. నాలుగోది పాలమూతి కన్న పెయ్య.

పాలమూతి అతని మందకు ముందు నడిచే తల్లి. పాలల్లో ముంచి తీసినట్టు దాని మూతి తెల్లగా ఉంటుంది. దాని తల్లీ, తల్లికి తల్లీ కూడా ముందు నడిచినవే. గడ్డకట్టిన నది ఎక్కడ బలంగా ఉందో, ఎక్కడ పల్చనో వాటికి పుట్టుకతో తెలుసు. పాలమూతి ముసలిదైపోయింది, పళ్ళు అరిగాయి, ఇక ఈనదు. ఆ తెలివి ఇంకెవరికైనా దక్కాలంటే ఈ పెయ్యకే దక్కాలి. కాబట్టి యోవ్న పసిపిల్ల కాళ్ళ వైపే చూస్తున్నాడు.

"ఒక్క నిమిషం పట్టుకో మామయ్యా, బయట చేప మాడిపోతోంది" అని ఎల్లె పిల్లను అతని ఒళ్ళో పడేసి పోయింది.

కళ్ళు మూసుకుంటే సరిపోతుందనుకుని గట్టిగా మూసుకున్నాడు. పిల్ల అతని గడ్డం పట్టుకుని గుంజింది. ఓర్చుకున్నాడు. చూపుడువేలు లాక్కుని నోట్లో పెట్టుకుంది. దానికీ ఓర్చుకున్నాడు. వేలికి ఇసుకరేణువు లాంటిదేదో గుచ్చుకుంది. యాభై ఏళ్ళుగా పశువుల పెదవి కిందికి లాగి, పళ్ళు చూసి వయసు చెప్పినవాడు. బొటనవేలు తనంతట తానే వెళ్ళి పిల్ల కింది పెదవి లాగింది, కళ్ళు వాటంతట అవే తెరుచుకున్నాయి.

లేత గులాబీరంగు చిగురులో, సగం విరిగిన బియ్యపుగింజంత, తెల్లగా ఉంది.

పిల్ల కిలకిలా నవ్వింది. యోవ్న గబుక్కున గిన్నె మీద మూత పెట్టినట్టు పెదవి పైకి మూసేశాడు.

చేపతో లోపలికి వచ్చిన ఎల్లె అతని వంక చూసింది. "ఏంటి మామయ్యా, ఇన్ని చెమటలు?"

"ఎండ" అన్నాడు. పిల్లను ఆమెకిచ్చేసి లేచాడు. కాఫీ సగం గిన్నెలోనే ఉంది. అందులో ఎల్లె వేసిన జున్నుముక్క ఇంకా కరగనైనా కరగలేదు. అరవై ఏడేళ్ళ జీవితంలో యోవ్న కాఫీ వదిలేసి పోవడం ఇదే మొదలు. అది మంగళవారం.

ఎండ నిజంగానే దంచేస్తోంది. చెవులు కోసే పనికి వచ్చి నాలుగు రోజులైంది, పని మొదలుపెట్టే వీలు చిక్కలేదు. మంద మొత్తం పైన కొండ నీడలో మిగిలిన మంచుపట్టీ మీద ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉంది. దిగితే జోరీగలు ముక్కుల్లో దూరతాయి. ఈ వేడిలో వాటిని దొడ్డిలోకి తోలితే దూడలు నాలుకలు వేలాడేసి కూలబడతాయి, పెద్దవి తొక్కేస్తాయి. సముద్రం మీంచి చల్లగాలి తిరిగేదాకా కాచుకోవడమే పని. పని లేని జనం ఏం చేస్తారు, కాఫీ కాచుకుంటారు, పొరుగువాళ్ళ పిల్లల పళ్ళ గురించి మాట్లాడుకుంటారు.

యోవ్న బైనాక్యులర్స్ మెడలో వేసుకుని కొండ ఎక్కాడు. పాలమూతి మంచుపట్టీ చివర నిలబడి ఉంది. చలికాలపు బొచ్చు పాత గోనెసంచిలా పీలికలు పీలికలుగా ఊడుతోంది, దాని కింద పక్కటెముకలు ఇంకా కనపడుతున్నాయి. పెయ్య మాత్రం నిగనిగలాడుతోంది. నల్లటి ఒళ్ళు, నాలుగు కాళ్ళకూ తెల్లమేజోళ్ళు. తల్లి పొదుగును తలతో గుద్ది గుద్ది తాగుతోంది. చూస్తుంటే యోవ్నకు ఎక్కడలేని సంతోషం వచ్చింది, వెంటనే ఆ బియ్యపుగింజ గుర్తొచ్చింది.

వెనక రాళ్ళు కదిలిన చప్పుడైంది. మేనల్లుడు నీలాస్, ఎల్లె మొగుడు, వచ్చి పక్కన కూర్చున్నాడు.

"పాలమూతి తేరుకుంది మామా."

"ఏం తేరుకుంది, వెన్ను మీద కండ పట్టలేదు ఇంకా. ఆగస్టులో పుట్టగొడుగులు మొలిస్తే అప్పుడు చూడాలి."

"పెయ్య భలే ఉంది."

"ఆఁ, ఏదోలే" అన్నాడు యోవ్న. బైనాక్యులర్స్ ఇవ్వకుండా పట్టుకున్నాడు.

నీలాస్ అడగనూ లేదు. కళ్ళు చికిలించుకుని మందలో తన వాటిని వెతుక్కుంటున్నాడు. అతని తల్లులు అక్కడొకటీ ఇక్కడొకటీ ఉన్నాయి. ఒక్కదాని వెనకా దూడ లేదు.

జనవరిలో వాన పడిన వారం నీలాస్ ఊళ్ళో ఆస్పత్రిలో ఉన్నాడు, ఎల్లెకు నొప్పులు ఆగి ఆగి వస్తున్నాయి. అతని మంద బోడికొండ మీద, యోవ్న మంద దాని పక్కనే. ముందు నావి అడవిలోకి తోలుకుంటాను, రేపు వాడివి తోలుతాను అనుకున్నాడు యోవ్న. అడవిలో కొమ్మలకు గడ్డంలా వేలాడే నాచు ఉంది, నేల గడ్డకట్టినా ఆకలి తీరుతుంది. తెల్లారేసరికి అడుగు దూరం కనపడని పొగమంచు. అది మూడు రోజులు విడవలేదు. "పొగమంచురా, ఏం కనపడలేదు" అని చెప్పాడు తర్వాత. "అవునా మామా" అన్నాడు నీలాస్. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఎత్తి ఉంటే పోట్లాడుకునేవాళ్ళు, తిట్టుకునేవాళ్ళు, తీరిపోయేది. అడగకపోవడమే యోవ్నకు కాలిలో ముల్లయి కూర్చుంది.

"మామా, అమ్మ గుర్తు నాకు సరిగ్గా కుదరట్లేదు. ఎడమ చెవి కింది గంటు. ఓసారి చూపించవూ?"

"ఇప్పుడెందుకు? కొయ్యడానికి దూడేదీ?" అనేసి యోవ్న నాలుక కరుచుకున్నాడు.

నీలాస్ నవ్వాడు. "దూడ లేదని గుర్తు మర్చిపోతామా మామా! ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు. నేర్చుకుంటే పోయేదేముంది?"

ఆ గుర్తు యోవ్న అక్క గారెన్‌ది. ఆమె పోయి మూడేళ్ళయింది. ఆమె మందలో మిగిలిన ఆడవి రెండూ ఈ చలికాలం పోయాయి. ఏ చెవి మీదా లేని గుర్తు కాగితం మీద ఎన్నాళ్ళుంటుంది? పిల్లకు అమ్మమ్మ పేరు కాదు, నాయనమ్మ పేరు పెట్టి, ఆ గుర్తు కూడా పిల్ల పేరున రాయించారు నీలాస్, ఎల్లె. పేరుకు పిల్ల ఉంది, గుర్తుకు చెవే లేదు.

మర్నాడు గుడారం ముందు కూర్చుని బెరడు ముక్కల్ని చెవుల ఆకారంలో కోసి గురువూ శిష్యుడూ పనిలో పడ్డారు.

"చూడు. కుడి చెవికి వెనక రెండు గంట్లు. ఎడమ చెవి కొన ఏటవాలు. ఇంతవరకు నాదీ అంతే, అమ్మదీ అంతే. ఇప్పుడు కత్తి తిప్పాలి. చెయ్యి కాదురా, కత్తి! మొన కిందికి రావాలి. చెవి కింది అంచున, లోపలి నుంచి బయటికి, ఇలా. ఒక్క గింజంత. పెద్దది చేశావా, అవతలి కొండవాళ్ళ గుర్తయిపోతుంది."

నీలాస్ కోశాడు. గంటు పెద్దదైంది.

"అవతలి కొండవాళ్ళు నీకు దణ్ణం పెట్టుకుంటారు" అన్నాడు యోవ్న. తను ఇంకోటి కోసి చూపించాడు. ఇంకోటి. ఇంకోటి. అసలు ఆ గుర్తు కోయడానికి అతనికి కళ్ళతో పనే లేదు. నలభై ఏళ్ళు అక్క మోకాలేసి దూడల్ని పట్టుకుంటే అతనే కోశాడు, తనవీ ఆమెవీ. "నీది" అనేది, "నాది" అనేది, అంతే, చెయ్యి దారి చూసుకునేది. చుట్టూ బెరడు చెవులు గుట్టపడ్డాయి.

పక్కనే తోలు పరిచి పిల్లను పడుకోబెట్టారు. ఎండుమాంసం పీలిక ఒకటి చేతికిస్తే చీకుతూ చొంగ కారుస్తోంది. దాని తల దగ్గర మారెత్ పిన్ని సూదులూ దారాలూ ముందేసుకుని కూర్చుంది. ఎనభై నాలుగేళ్ళ మనిషి, కళ్ళలో పొరలు, నోటికి మాత్రం ఏ పొరా లేదు. యోవ్నకు ఒక ఆలోచన తట్టింది. తను చూసినట్టు ఎవరికీ తెలియదు. ఇంకెవరైనా చూశామని పైకి అంటే చాలు, గండం గడిచిపోతుంది.

"పిన్నీ, పిల్ల తెగ చొంగ కారుస్తోంది. నోట్లో పుండేమన్నా ఉందేమో ఓసారి చూడకూడదూ?"

"నా కళ్ళకేం కనపడుతుందిరా? నా దూడకు నా పొరలే కాపలా" అంది మారెత్. "నీకు కళ్ళున్నాయిగా, నువ్వు చూడు."

"నేను పనిలో ఉన్నాను."

"బెరడు కోసే పని! పుండు చూస్తే మందుతో పోతుంది, పన్ను చూస్తే పెయ్యే పోతుంది. నీ సంగతి నాకు తెలియదట్రా? చిన్నప్పుడు నీ రొట్టె నీ నీడకు కూడా పెట్టేవాడివి కాదు."

నీలాస్ తల వంచుకుని నవ్వాడు. ఎల్లె పొయ్యి దగ్గర నుంచే నవ్వింది. యోవ్న కూడా నవ్వాల్సి వచ్చింది.

గురువారం పశువుల డాక్టరమ్మ వచ్చింది. మంచుపట్టీ అంచున పేడ ఏరి గొట్టాల్లో నింపుకుంది, తల్లుల నడుముల్ని దూరం నుంచే చూసి ఏదో రాసుకుంది. ఈ వేడిలో తోలొద్దని అందరికీ తెలిసిందే చెప్పింది. తిరిగి వెళ్తుంటే యోవ్న దారి కాశాడు.

"డాక్టరమ్మా, మా మేనల్లుడి పిల్లకు ఒంట్లో బాగోలేదు. ఓసారి నోరు చూసి పోదువు గానీ."

"నేను నాలుగు కాళ్ళవాళ్ళ డాక్టర్ని యోవ్నా."

"పాకుతోందిగా, ఇప్పటికి నాలుగు కాళ్ళే."

ఆమె పడీపడీ నవ్వింది. "నాకూ ఇక్కడి సంగతులు తెలుసు. దూడ ఇవ్వాలంటే నేనెక్కడ తేను? పోయినసారి ఇలాగే ఒకాయన పంపిస్తే నోరు చూశాను. ఆ దూడ కొనివ్వడానికి నా జీతం అయిపోయింది" అని బండెక్కి పోయింది.

ఆ రెండు రోజులూ యోవ్న ఎల్లె గుడారంలో కాఫీ తాగలేదు. తన గుడారంలో తను కాచుకున్న కాఫీ తాగాడు, అది కాలిన తోలు వాసన వేసింది. పిల్ల గొంతు వినపడినప్పుడల్లా బయటికి తొంగిచూశాడు. అది నోరు బార్లా తెరిచి నవ్వుతోంది, ఏడుస్తోంది, ఆవులిస్తోంది. ఇంత పెద్ద నోరు, ఇంతమంది జనం, ఒక్కరైనా చూడరే! కళ్ళున్నవాళ్ళంతా ఏమైపోయారు? లోకంలో మంచితనం కరువైపోయిందని యోవ్నకు నిజంగానే బాధ కలిగింది.

శుక్రవారం పొద్దున గాలి తిరిగింది. సముద్రం మీంచి మబ్బు పాక్కుంటూ వచ్చి కొండల భుజాల మీద కూర్చుంది. సన్నటి తుంపర, చేతులు కొంకర్లు పోయే చలి. జనం ముఖాలు విచ్చుకున్నాయి. కుక్కలు పిచ్చెక్కినట్టు గుడారాల చుట్టూ పరుగులు తీశాయి.

మంచుపట్టీ మీంచి మంద దిగడం చూడాలి. ముందు పాలమూతి ఒక్కతే వచ్చింది, తల పైకెత్తి గాలి వాసన చూసుకుంటూ, మనకు తెలియని లెక్కలేవో వేసుకుంటూ. దాని వెనక సన్నటి పాయ, ఆ పాయ వెనక కొండంతా కదిలి వచ్చింది. అడుగు వేసినప్పుడల్లా వేల గిట్టల దగ్గర నరాలు చిటచిటమనే చప్పుడు, ఎండుపుల్లల మీద వాన పడుతున్నట్టు. తల్లుల గుర్రుగుర్రు, దూడల పీలగొంతులు. దొడ్డిలోకి వచ్చాక అన్నీ ఒకే దిక్కుగా గుండ్రంగా తిరగసాగాయి. ఈ ఏడు ఆ సుడి చిన్నది. అయినా అది తిరుగుతుంటే కంచె పట్టుకుని నిలబడ్డ మనుషులందరూ చిన్నపిల్లలైపోయారు.

ఒక్కొక్కరూ ఉచ్చుతాడు చుట్టి చేతబట్టుకుని దిగారు. దూడ ఏ తల్లి వెనక పోతోందో చూడాలి, తల్లి చెవి గుర్తు చదవాలి, ఉచ్చు విసరాలి, దూడను పక్కకు లాగి కోయాలి. కోసినవాడు ఎవరి దూడో గట్టిగా అరుస్తాడు. కోసిన చెవి తునకలు కంచె దగ్గర కూర్చున్న మారెత్ చేతికి పోతాయి. ఆమె దగ్గర ఒక్కో ఇంటికి ఒక్కో దారం. ఎవరి తునక వాళ్ళ దారానికి గుచ్చుతుంది. కళ్ళు కనపడకపోయినా ముడులు తడిమి ఏ దారం ఎవరిదో చెబుతుంది. సాయంత్రానికి ఆ దారాలే ఆ ఏటి దూడల లెక్క.

యోవ్న వయసు ఆ వేళ ఇరవై ఏళ్ళు తగ్గింది. మొదటి విసురుకే ఒకటి, మూడో విసురుకు ఇంకోటి. మగదూడలు మూడూ అయిపోయాయి. "యోవ్నది!" అని మూడుసార్లు అరిచాడు, మూడుసార్లూ మారెత్ "విన్నాన్లేరా, చెవుడు రాలేదు" అంది. నాలుగోసారి ఉచ్చు తెల్లమేజోళ్ళ మీద పడింది.

"మామా, నేను పట్టుకుంటా" అంటూ నీలాస్ వచ్చి పెయ్య కాళ్ళు మడిచి పట్టుకున్నాడు. యోవ్న దాని మెడను మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. దాని గుండె అతని తొడకు తగిలి టకటకా కొట్టుకుంటోంది. వెచ్చటి పాలవాసన. అబ్బ, ఎంత బలమో! ఏం కాళ్ళు, ఏం మెడ! కుడి చెవికి రెండు గంట్లు వేశాడు. ఎడమ చెవి కొన ఏటవాలుగా తీశాడు.

అప్పుడు కంచె అవతల పిల్ల కేరింతలు కొట్టింది. యోవ్న తలెత్తి చూశాడు. ఎల్లె వీపు మీద కట్టుకున్న పిల్ల, దూడను చూసి రెండు చేతులూ చాచి, నోరంతా తెరిచి నవ్వుతోంది. అతను చూస్తూనే ఉన్నాడు. కత్తి చేతిలో తిరిగింది. మొన కిందికి వచ్చింది. చెవి కింది అంచున, లోపలి నుంచి బయటికి, ఒక్క గింజంత.

కళ్ళకన్నా ముందు బొటనవేలికి తెలిసింది. తల దించి చూశాడు. గంటు ముచ్చటగా ఉంది. మొన్న కోసిన బెరడు చెవుల్లో ఒక్కటీ ఇంత బాగా కుదరలేదు.

అది అక్క గుర్తు. తప్పు చెవి కోసినవాడి కథ ఆ కొండల్లో మనవల కాలం దాకా చెప్పుకుంటారు. ఆ సంగతి తర్వాత. పెయ్య! పాలమూతి పెయ్య! చెవి ఎవరి గుర్తు చెబితే దూడ వాళ్ళదే.

నీలాస్ కూడా చూశాడు. అతని ముఖంలో రంగులు మారాయి. ఒక్క క్షణం ఆ గంటు మీదే చూపు నిలిపాడు, తల్లి చెయ్యి చూసినట్టు. తర్వాత అటూ ఇటూ చూశాడు. అందరూ ఎవరి గొడవలో వాళ్ళున్నారు. తల దగ్గరికి వంచి గొంతు తగ్గించాడు.

"మామా, కింది అంచు ఇంకాస్త లోతుగా తీసెయ్. గంటు అందులో పోతుంది. చెవి కాస్త పొట్టిదవుతుంది, అంతే. నేనేం చూడలేదు."

యోవ్న కత్తి అంచు దగ్గర పెట్టాడు. పెట్టినవాడు పెట్టినట్టే ఆగిపోయాడు. నేనేం చూడలేదు. ఈ మాటే కదా మూడు రోజులుగా తను మోస్తున్నది. కుర్రవాడు ఎంత తేలిగ్గా అన్నాడు! దూడ లేనివాడు, తల్లి గుర్తు మళ్ళీ ఒక చెవి మీద కళ్ళారా చూసినవాడు, మామ పరువు కోసం, మామ పెయ్య కోసం, చూడలేదంటున్నాడు.

"జనవరిలో కూడా ఇలాగే ఏం చూడలేదా నువ్వు?" అన్నాడు యోవ్న.

"పొగమంచు కదా మామా."

"పొగమంచు మర్నాడొచ్చింది. ముందురోజు ఆకాశం అద్దంలా ఉంది. నావి తోలుకున్నాను. నీవి తోలలేదు."

నీలాస్ పెయ్య కాళ్ళు వదల్లేదు. "తెలుసు" అన్నాడు. "ఇప్పుడెందుకది? కొయ్ మామా, దూడ కొట్టుకుంటోంది."

"కొయ్యను. నువ్వు చూడకపోతే చూడకపోయావు, నేను చూశాను. మంగళవారమే చూశాను. కింది చిగురులో, ఎడమ పక్కన. ఈ వేలిని కరిచింది కూడా."

యోవ్న కత్తి ఒరలో పెట్టాడు. పెట్టాక గుండెల మీంచి బండ దించినట్టయింది. అంత తేలిక వస్తుందని ముందే తెలిసి ఉంటే మంగళవారమే ఇచ్చి చచ్చేవాణ్ణి కదా అనుకున్నాడు. లేచి నిలబడి, ఊపిరి గుండెల నిండా పీల్చుకుని, దొడ్డి మారుమోగేలా అరిచాడు.

"గారెన్‌ది!"

మూడేళ్ళ తర్వాత ఆ దొడ్డిలో ఆ పేరు. ఉచ్చులు విసిరే చేతులు ఆగాయి. ఎవరి మోకాలి కిందో ఉన్న దూడ ఇదే అదనని తప్పించుకు పోయింది. చెవి విదిలించుకుంటూ పెయ్య మందలోకి దూకింది. పాలమూతి గుర్రుమంటూ ఎదురొచ్చి, దాని చెవి మీది రెండు రక్తపు చుక్కలూ నాకి, ఏం జరగనట్టు ముందుకు నడిచింది.

ఎల్లె కంచె దూకినంత పని చేసింది. "మంగళవారమే తెలుసు మామయ్యా నాకు! అంత కాఫీ వదిలేసి పోతే తెలియదా? ఎన్నాళ్ళు బిగబడతావో చూద్దామని ఊరుకున్నాను" అంటూ అతని మెడ పట్టుకుంది. వీపు మీద పిల్ల దొరికిన గడ్డం దొరికినట్టు గుంజింది. జనం చుట్టూ మూగారు. పన్ను ఏదీ, పన్ను ఏదీ అని ఇప్పుడు ప్రతివాడికీ ఆ నోరు చూడాలనే ఉంది. ఇక భయం లేదు కదా. ఒకరి మీదొకరు పడి చూసి, "అరె, ఉందిరోయ్!" అని అప్పుడే కొత్తగా కనిపెట్టినట్టు ఆశ్చర్యపోయారు.

"ఇచ్చింది మనసారానా, చెయ్యిజారా?" అని ఎవరో అడిగారు. అక్కడ అలాంటి ప్రశ్న అడగకుండా ఎవరూ ఉండరు.

యోవ్న తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు. అతనికే తెలియదు. ఇరవై బెరడు చెవులు కోసిన అలవాటో, నలభై ఏళ్ళ అలవాటో, పిల్ల నవ్వో. చెయ్యి తనకంటే మంచిదేమో. నీలాస్ మాత్రం చొక్కా చేత్తో ముక్కు తుడుచుకుని వచ్చి మామ భుజం మీద చెయ్యి వేశాడు. దాని బరువు యోవ్నకు హాయిగా ఉంది.

"ఒరే యోవ్నా!" మారెత్ కంచె దగ్గర నుంచి కేక వేసింది. తునకలు అరచేతిలో పట్టుకుని దారాల ముడులు ఒక్కొక్కటే తడుముతోంది. "ఎవరిదన్నావు? గారెన్ దారం నా దగ్గర లేదు. ఆవిడ చనిపోయిన ఏడే తీసేశాను కదరా. సరిగ్గా చూసుకుని చెప్పు, ఎవరిది?"

దొడ్డిలో అందరూ అతని వైపు చూశారు. మొదటిసారి చెయ్యి తప్పిందనే అనుకుందాం. ఇప్పుడు ఎవరూ అతని చెయ్యి పట్టుకుని లేరు, ఏ కత్తీ తిరగడం లేదు.

"గారెన్‌దే పిన్నీ" అన్నాడు. "కొత్త దారం తియ్."